మీకు తెలుసా? చెరువు చేప చౌక, మేలు

సముద్రమునకు సుదూరమున నున్న డోర్నకల్ ప్రాంతవాసులకు, 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ నిర్మింపజేసిన బయ్యారము చెరువు వంటి జలాశయములే మత్స్యసంపదకు ఆకరములగుటచేత, మంచుగడ్డల నడుమ దూరప్రయాణము చేసివచ్చిన ఖరీదైన చేపకై ఆరాటపడ నక్కరలేదు. రాష్ట్రమత్స్యమైన కొరమీను రుచికరమే కాని ప్రియము. బొచ్చె, రవ్వ అంతకంటె చౌకగా లభించుచు మేలైన మాంసకృత్తుల నొసగును. ఇక ముండ్లతో సహా నమిలి తినదగిన పరకల వంటి చిన్నచేపలను చులకన చేయుట యెంతటి పొరపాటు! ఎముకల పుష్టికి వలసిన కాల్షియము వానియందు పుష్కలము. వేసవిలో చెరువునీరు తగ్గి వలలు విరివిగా పడునపుడు ధర దిగును. మొప్పలు ఎఱ్ఱగాను, కన్నులు నిర్మలముగాను ఉండి, వ్రేలితో నొక్కిన కండ వెంటనే యథాస్థితికి వచ్చినచో, ఆ చేప తాజాది.