గ్రాఫిక్స్ సోసో, హిట్టూ లేదు... అయినా 1995 నుంచి గేమ్సే అతని జీతం

చిన్నప్పుడు మా అన్నయ్య దగ్గర కంప్యూటర్ మ్యాగజైన్లతో వచ్చిన సీడీలు ఒక డబ్బా నిండా ఉండేవి. వాటిలో గేమ్స్ చాలావరకు ఒక చోటికొచ్చి ఆగిపోయేవి. మాంచి ఊపు మీదున్నప్పుడే "మిగతాది కావాలంటే డబ్బు కట్టండి" అని స్క్రీన్ వచ్చేది. ఇంట్లో క్రెడిట్ కార్డు లేదు, ఉన్నా మా చేతికిస్తారా? మళ్లీ మొదటి లెవెల్ నుంచి మొదలు. దాన్నే షేర్‌వేర్ అంటారని నాకు బీటెక్‌కి వచ్చాకే తెలిసింది.

ఐడియా చాలా సింపుల్. గేమ్‌లో ఒక పెద్ద ముక్క ఫ్రీ. కాపీ చేసి ఫ్రెండ్స్‌కి పంచుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. నచ్చితే డబ్బు పంపి మిగతాది తెచ్చుకోవాలి. 1993లో డూమ్ కూడా ఇలాగే వచ్చింది, మొదటి ఎపిసోడ్ ఫ్రీ. డూమ్ కథ అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి పోను. నాకు పనికొచ్చిన కథ జెఫ్ వోగెల్‌ది.

పనికొచ్చిందని ఎందుకంటున్నానంటే, నేనూ ఒక గేమ్ చేశా. ఏడాదిన్నర పాటు ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు కూర్చుని మన పులి-మేక ఆటను మొబైల్‌కి తెచ్చా. 1,340 డౌన్‌లోడ్లు వచ్చాయి. యాడ్స్ మీద వచ్చింది అక్షరాలా 612 రూపాయలు. రిజైన్ మెయిల్ డ్రాఫ్ట్స్‌లో పెట్టుకుని తిరుగుతున్న నాకు ఆ నంబర్ చూశాక నిద్ర పట్టలేదు.

ఇక వోగెల్ సంగతికొద్దాం. అమెరికాలోని సియాటిల్‌లో అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లో పైచదువు చదువుతున్న కుర్రాడు. చదువు మీద విసుగొచ్చి 1994లో సరదాగా ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ రాయడం మొదలెట్టాడు. పేరు ఎక్సైల్. 1995లో మ్యాక్ కోసం షేర్‌వేర్‌గా వదిలాడు. మ్యాక్‌లో అలాంటి గేమ్స్ అప్పట్లో తక్కువ, అది బాగా కలిసొచ్చింది. చదువు మధ్యలోనే వదిలేశాడు. స్పైడర్‌వెబ్ సాఫ్ట్‌వేర్ అని కంపెనీ పెట్టుకుని భార్యతో కలిసి ఇంటినుంచే నడిపాడు.

అప్పట్లో కొనడమూ ఒక పెద్ద తతంగమే. గేమ్ ఇన్‌స్టాల్ చేస్తే స్క్రీన్ మీద ఒక నంబర్ కనిపించేది. ఆ నంబర్ చెప్పి డబ్బు కడితే వాళ్లు ఒక కోడ్ ఇచ్చేవాళ్లు. అది కొడితే మిగతా ప్రపంచం తెరుచుకునేది. కంప్యూటర్ మారిస్తే కొత్త కోడ్ అడగాలి. ఓటీపీ రెండు సెకన్లు లేటైతేనే చిరాకుపడే మనం ఇంత ఓపిక పట్టేవాళ్లమా అని డౌటే.

నన్ను ఆపేసింది మాత్రం 2009లో అతను తన బ్లాగ్‌లో బయటపెట్టిన లెక్క. జెనిఫోర్జ్ 4 గేమ్‌కి అయిన ఖర్చు, తన జీతంతో కలిపి, సుమారు 1,20,000 డాలర్లు. రెండేళ్లు దాటాక అమ్ముడైన కాపీలు దాదాపు 4 వేలు. ఒక్కో కాపీ 28 డాలర్లు. గుణిస్తే పెట్టుబడి కూడా ఇంకా పూర్తిగా రాలేదని అర్థమవుతుంది. మన స్టార్టప్ భాషలో ఫెయిల్యూర్. అతను మాత్రం కంగారుపడలేదు. కొత్త గేమ్ వచ్చినప్పుడల్లా పాతవి కూడా కొందరు కొంటారు, అలా ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. అసలు ఖర్చులో తన జీతం ఉందంటే ఇల్లు గడిచినట్టేగా!

ఖర్చు తగ్గించడంలో మనవాడు మహా గట్టివాడు. పాత బొమ్మలే మళ్లీ వాడతాడు, ఇంజిన్ గీకి గీకి లాగిస్తాడు. ఎక్సైల్‌నే 2000లో అవెర్నమ్‌గా తిరగరాశాడు, మళ్లీ 2011లో ఇంకోసారి. ఒకే కథ మూడుసార్లు! రివ్యూలు రాసేవాడిగా చెప్తున్నా, స్క్రీన్‌షాట్ చూస్తే మీరూ స్క్రోల్ చేసేస్తారు. తన గేమ్స్ చూడ్డానికి చెత్తగా ఉంటాయని తనే పోస్ట్ రాసుకున్నాడు. కానీ కథ, ఎవరి పక్షాన నిలబడాలో మనకే వదిలేసే తీరు, వాటికోసం తిరిగొచ్చే జనం ఉన్నారు. తర్వాత ఐప్యాడ్, స్టీమ్ వచ్చాయి, రేట్లు పడిపోయాయి. అతను వాటిలోనూ సర్దుకున్నాడు.

నా తప్పు అక్కడ తెలిసింది. 612 రూపాయలు చూసి లక్షల డౌన్‌లోడ్లు కావాలనుకున్నా. 1,340 మందిలో డబ్బిచ్చేంత ఇష్టపడేవాళ్లు ఎంతమందని ఎప్పుడూ అడగనే లేదు.

అడిగా. యాడ్స్ పీకేశా. మొదటి 12 లెవెల్స్ ఫ్రీ, మిగతా 40కి ఒక్కసారే 49 రూపాయలు. చేసి రెండు నెలలైంది. 19 మంది కొన్నారు. రిజైన్ మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది, ఈఎంఐ ఉందిగా మరి. నిన్న ఆ 19 మందిలో ఒకాయన మెయిల్ పెట్టారు. 31వ లెవెల్‌లో పులి రెండు మేకల మీంచి ఒకేసారి దూకేస్తోందట. "డబ్బు కట్టి ఆడుతున్నాను బాబూ, కాస్త చూడు" అన్నారు.

ఈ ఆర్టికల్ పంపేసి ఆ బగ్ మీదే కూర్చోవాలి.