మనోభావమునకు కొలబద్ద

ధాన్యమును మానికతో కొలుతుము, బంగారమును త్రాసులో తూతుము, పొలమును గొలుసుతో కొలుతుము; కాని కార్యాలయమున ఒక గుమాస్తా తన బల్లమీదికి క్రొత్తగా వచ్చిన కంప్యూటరును ఏల వాడుచున్నాడో, అతని ప్రక్కనున్నవాడు ఏల ముట్టకున్నాడో తెలియవలెనన్నచో, వారి మనోభావమును దేనితో కొలువవలెను? సమాచార వ్యవస్థలను అధ్యయనము చేయు ఆచార్యులకు ఇది ప్రధానమైన ప్రశ్న.

అమెరికాలో ఎం.ఐ.టి.యందు 1986 నాటి తమ డాక్టరేటు పరిశోధనలో ఫ్రెడ్ డేవిస్ గారు ఈ ప్రశ్నకు రెండు నమ్మకములను సమాధానముగా ప్రతిపాదించిరి: ఈ సాధనమువలన నా పని మెరుగగునన్నది మొదటిది, దీనిని వాడుట శ్రమకరము కాదన్నది రెండవది. పిమ్మట వారు ఒక్కొక్క నమ్మకమునకు 14 వాక్యములు కూర్చి, పరీక్షించి, ఏరివేసి, తుదకు 6 చొప్పున నిలిపి, 152 మంది వాడుకదారులవలన, నాలుగు ప్రోగ్రాముల విషయమై సేకరించిన ఫలితములను 1989లో ప్రకటించిరి. ప్రయోజనముపైగల నమ్మకమునకును వాడుకకును నడుమ సహసంబంధము రెండు అధ్యయనములలో 0.63, 0.85 గాను, సౌలభ్యముపైగల నమ్మకమునకు 0.45, 0.59 గాను తేలెను. అనగా, మనుష్యుడు తనకు అక్కరకు వచ్చు పనిముట్టు కొంత కష్టమైనను ఓర్చుకొనునేగాని, అక్కరకు రానిది ఎంత సుళువైనను దానిని చేరదీయడు.

అయితే సరుకును తూచుటకు ముందు తూనికరాయి సరియైనదో కాదో చూడవలదా? ప్రశ్నావళులను వాడుటకు పూర్వమే వాటి ప్రామాణ్యమును పరీక్షింపవలెనని 1989లోనే డెట్మార్ స్ట్రాబ్ గారు ఉద్ఘాటించిరి. వారును, వారి సహచరులును 1995లో ప్రకటించిన పరిశోధనలో, తాము ఎంత వాడుచున్నామని జనులు చెప్పినదియు, యంత్రము స్వయముగా నమోదు చేసినదియు ఒక్కటి కావని తేలెను. అట్లయిన మనిషి మాటను విడిచి యంత్రపు లెక్కనే గైకొందమని తోచుట సహజము. కాని ఆ లెక్క మనిషికి తెలియకుండగనే పోగుపడునది గనుక, కొలత సమస్య అక్కడ ధర్మసమస్యగా మారుచున్నది.

ఈ ధర్మచింతనను 1986లోనే రిచర్డ్ మేసన్ గారు నాలుగు మాటలలో ఇమిడ్చిరి: గోప్యత, యథార్థత, స్వామ్యము, అందుబాటు. ఒకని విషయములలో ఏవి ఇతరులకు తెలియవచ్చును? సేకరించిన సమాచారము తప్పైనచో బాధ్యులెవరు? అది ఎవరి సొత్తు? దానిని పొందు హక్కు ఎవరికి, ఏ కట్టుబాట్లతో కలదు? నేడు చేతిలోని ఫోను మన ప్రతి స్పర్శను లెక్కించుచుండగా, ఈ నాలుగు ప్రశ్నలు ఆచార్యుల గదులను దాటి ప్రతి ఇంటి గడపకు వచ్చినవి.

మనిషి చెప్పు మాటలో మరపు ఉండవచ్చును, మొగమాటము ఉండవచ్చును. అయినను ఆ మాట అతడు తెలిసి, సమ్మతించి ఇచ్చినది. యంత్రపు లెక్క ఎంత నిక్కచ్చియైనను, దానికిని ఆ సమ్మతినే ముందుగా అడిగి పొందిన పరిశోధకుడే మనోభావమును కొలుచుటకు అర్హుడని నా దృఢవిశ్వాసము.