పిట్టగోడ దగ్గర మంచు మేట

పిట్టగోడ అంటే మనకు డాబా మీద పిల్లలు పడిపోకుండా కట్టుకునే కాపు. గోడ సొంత బరువు తప్ప దాని వల్ల కప్పు మీద మరో భారం పడుతుందని మనం మామూలుగా అనుకోం. మంచు కురిసే చోట అలా కాదు. వాలు కప్పు చివర నాలుగడుగుల పిట్టగోడ లేపితే, ఆ కప్పు మోయాల్సిన బరువే మారిపోతుంది. ఎంత మారుతుందో ఒక ఉదాహరణతో లెక్కగట్టి చూద్దాం. ఇందులోని అంకెలు అమెరికా ఇంజనీర్లు వాడే ఏఎస్‌సీఈ 7 ప్రమాణం 2016 సంచిక ప్రకారం వేసినవి.

లెక్క నేల మీద మొదలవుతుంది. ఒక ఊళ్లో ఏ సంవత్సరమైనా మించిపోయే అవకాశం 2 శాతమే ఉన్న మంచు భారాన్ని ఆ సంచిక ఆ ఊరి నేల భారంగా తీసుకుంటుంది. మన ఉదాహరణలో అది చదరపు అడుగుకు 40 పౌండ్లు అనుకుందాం. కప్పు మీది మంచును గాలి కొంత ఊడ్చేస్తుంది కాబట్టి అందులో 70 శాతం లెక్కిస్తే చాలు. అంటే 28 పౌండ్లు. భవనం గాలికి ఎంత ఎదురుగా ఉంది, లోపల వేడి ఎంత, అది ఆసుపత్రా గోడౌనా అన్నదాన్ని బట్టి ఈ అంకె కొంత అటూఇటూ అవుతుంది. మనది మామూలు భవనమే అనుకుందాం.

తర్వాత వాలు సంగతి. నున్నటి రేకు కప్పు 30 డిగ్రీల వాలుతో ఉండి, లోపల వేడి ఉన్న భవనమైతే మంచు జారిపోతుంది. అందుకని భారంలో సుమారు 38 శాతం తగ్గించుకోవచ్చు. అయితే మంచు జారడానికి దారి ఉంటేనే ఈ తగ్గింపు. చూరు దగ్గర పిట్టగోడ అడ్డం పడితే అదే కప్పుకు, అదే వాలుకు ఒక్క శాతం కూడా తగ్గించకూడదు. వాలు ఉంది కదా, మంచు నిలవదులే అన్న భరోసా ఇక్కడే దెబ్బ తీస్తుంది.

అసలు చిక్కు గాలితో వస్తుంది. వరద తీశాక అడ్డు తగిలిన చోటల్లా ఇసుక మేట వేసినట్టే, కప్పు మీద కొట్టుకొచ్చే మంచు పిట్టగోడ దగ్గర ఆగి మేట వేస్తుంది. మేట ఎంత ఎత్తు లేస్తుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి గాలి ఎంత పొడవున మంచును తోసుకురాగలదు, రెండోది ఆ ఊళ్లో మంచు ఎంత.

ఒకే వైపు వాలిన కప్పు, పొడవు 50 అడుగులు, 12 అడుగులకు 2 అడుగుల వాలు, కింది చివర 4 అడుగుల పిట్టగోడ ఉన్నాయనుకోండి. వాలు ఇంత తక్కువ, పైగా అడ్డుగోడ ఉంది కాబట్టి 28 పౌండ్లు అలాగే ఉంటాయి. ఈ మంచు సాంద్రత ఘనపుటడుగుకు 19.2 పౌండ్లు. అంటే కప్పంతటా పరుచుకున్న పొర సుమారు ఒకటిన్నర అడుగుల మందం. గోడ దగ్గర దాని పైన మరో రెండడుగుల మేట లేస్తుంది. మంచు గోడ పైఅంచుకు అరడుగు కిందిదాకా వచ్చిందన్నమాట. ఆ మేట బరువు గోడను ఆనుకుని 39 పౌండ్లు. అక్కడి నుంచి తగ్గుతూ 8 అడుగుల దూరంలో సున్నా అవుతుంది. రెండూ కలిపితే గోడ పక్కన చదరపు అడుగుకు 67 పౌండ్లు. మిగతా కప్పు మీద ఉన్నదానికి ఇది దాదాపు రెండున్నర రెట్లు.

ఇదే మేటను కప్పంతటికీ పంచి సగటు తీస్తే భారం సుమారు 11 శాతమే పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ సగటు చూసి ఊరుకుంటే ప్రమాదం. గోడకు సమాంతరంగా, దాని పక్కనే ఉన్న దూలానికి సగటుతో పనిలేదు. రెట్టింపు దాటిన బరువు మోయాల్సింది అదే.

గోడ ఎత్తుకు కూడా ఇందులో పాత్ర ఉంది. అదే గోడ రెండడుగులే అయితే మంచు పొర పైన మిగిలేది అరడుగు చిల్లర. మేట అంతకు మించి లేవదు. మొత్తం 38 పౌండ్ల దగ్గరే ఆగుతుంది. 15 అడుగుల కంటే తక్కువ వెడల్పున్న పొగగొట్టం లాంటివాటి పక్కన మేటను లెక్కించనక్కర్లేదని కూడా అదే ప్రమాణం చెబుతుంది.

నీటి సంగతీ చూడాలి. లోపలి వేడికి కరిగిన నీరు పిట్టగోడలోని తూము గుండా పోవాలి. తూము గడ్డకట్టుకుపోతే నీరు గోడ వెనకే నిలుస్తుంది. అంగుళం నీటికి చదరపు అడుగుకు 5.2 పౌండ్ల చొప్పున బరువు చేరుతుంది, అదీ మేట ఉన్న చోటే. 2006 జనవరిలో పోలండ్‌లోని కటోవిట్సె దగ్గర ఒక ప్రదర్శనశాల కప్పు కూలి 65 మంది చనిపోయారు. కట్టడంలోని లోపాలకు కప్పు మీద పేరుకున్న మంచు, మంచుగడ్డలు తోడయ్యాయి.

ఏఎస్‌సీఈ 7 ప్రమాణం 2022 సంచికలో మారింది. మేట లెక్కలో ఇప్పుడు ఆ ప్రాంతపు చలికాలపు గాలి తీరునూ కలుపుతున్నారు. కాబట్టి పై అంకెలు విషయం అర్థం కావడానికే, కట్టడానికి కాదు. మన దేశంలో హిమాలయ ప్రాంతాలకు ఐఎస్ 875 నాలుగో భాగం ఉంది.

న్యూజెర్సీలోనో మసాచుసెట్స్‌లోనో గుడి కోసం, సంఘం హాలు కోసం పాత షెడ్డు కొని, ముందు వైపు అందంగా గోడ లేపించాలనుకునే మనవాళ్లకు ఒక మాట. ఆ గోడ లేవకముందే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి, దాని పక్కనున్న మొదటి దూలం ఎంత మోయగలదో రాతపూర్వకంగా తీసుకోండి.