పెళ్లి పట్టుచీర: ఎరుపా, పేస్టలా? అసలు సంగతంతా అంచులోనే ఉంది!

పెళ్లి ముహూర్తం ఖాయం కాగానే చాలా ఇళ్లలో మొదలయ్యే పంచాయితీ ఒకటుంది. అమ్మాయి ఫోన్‌లో లేత గులాబీ పట్టుచీర ఫొటో చూపిస్తుంది. ‘‘ఇదేం రంగే, వెలిసిపోయినట్టుంది. ముహూర్తానికి ఎర్రగా ఉండాలి’’ అని అమ్మమ్మ తేల్చేస్తుంది. మధ్యలో అమ్మ నలిగిపోతుంది. షాపులో సేల్స్‌మన్ ఇద్దరికీ తలూపుతూ చీర మీద చీర పరుస్తూనే ఉంటాడు. వేలు, ఒక్కోసారి లక్షలు పెట్టే చీర కాబట్టి ఎవరూ తగ్గరు.

అయితే ఈ గొడవలో అందరూ చూసేది చీర బాడీ రంగునే. మన పెళ్లి చీరల సంప్రదాయం మాత్రం ఎప్పుడూ రెండు రంగుల లెక్క. బాడీ ఒకటి, అంచు ఇంకొకటి. ఆ జోడీ కుదిరితే లేత రంగు చీర కూడా పెళ్లి చీరలాగే కనిపిస్తుంది. కుదరకపోతే ఎంత ఎర్రటి చీరైనా ఫంక్షన్ చీరలాగే ఉంటుంది.

తెల్లచీరలో తెలుగు పెళ్లికూతురు

‘ఎరుపు లేకుండా పెళ్లేంటి’ అనేవాళ్లు ఒక్కసారి మధుపర్కాలు గుర్తు తెచ్చుకోవాలి. తెల్లటి నూలు చీర, ఎర్రటి అంచు, అక్కడక్కడా అద్దిన పసుపు. నిజానికి మధుపర్కం అంటే చీర కాదు. తేనె, పెరుగు వంటివి కలిపి వరుడికి ఇచ్చే మర్యాద అది. ఆ సందర్భంలో పెట్టే బట్టలకు కూడా అదే పేరు స్థిరపడిపోయింది. జీలకర్ర బెల్లం పట్టుచీరలో కానిచ్చి మాంగల్యధారణకు మధుపర్కాలు మార్చుకునే ఇళ్లున్నాయి. మొదటి నుంచీ వాటితోనే కూర్చోబెట్టే ఇళ్లూ ఉన్నాయి. ఎలా చేసినా పెళ్లిలో అతి ముఖ్యమైన ఘట్టంలో అమ్మాయి ఒంటి మీద ఉండేది తెలుపే. ఎరుపు అంచుకే పరిమితం.

ఇది మన ఒక్కరి పద్ధతే కాదు. గుజరాతీ పెళ్లికూతురు కట్టే పానేతర్ కూడా తెల్లచీరే, దానికి ఎర్రటి అంచు, కొంగు ఉంటాయి. అది మేనమామ తరఫు నుంచి వస్తుంది. అత్తింటివాళ్లు ఎర్రటి ఘర్‌చోళా పెడతారు. కేరళలో మీగడ రంగు గుడ్డకు బంగారు కసవు అంచు. బెంగాల్‌లో పెళ్లికి ఎర్ర బనారసీ కట్టినా, పూజలకు మాత్రం ఎర్ర అంచు తెల్లచీర తప్పనిసరి. అంటే శుభం అనే మాటను చాలాచోట్ల మోసేది అంచే.

మరి అమ్మమ్మ మాట తప్పా? కాదు. కుంకుమ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మన ఇళ్లలో మంగళకరం అనుకునే రంగులు. నలుపు ఒక్కటే ఇప్పటికీ చాలామంది పెళ్లిపీటల మీదకు రానివ్వరు. ఆవిడ పట్టుబట్టే ఎరుపును అంచులోకి తెచ్చుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

రెండు రంగులు నేయడం అంత ఈజీ కాదు

కంచిపట్టులో బాడీ ఒక రంగు, అంచు పూర్తిగా వేరే రంగు ఉంటే దాన్ని కోర్వై నేత అంటారు. మామూలుగా ఒకే నాడెతో చీర ఈ చివర నుంచి ఆ చివరకు నేసేస్తే, పడుగులో అంచు రంగు మార్చినా పేక దారం రంగు దాంట్లో కలిసిపోతుంది. ఆకుపచ్చ అంచు కావాలనుకుంటే ఎర్ర పేక కలిసి మసకబారిన పచ్చ వస్తుంది. అందుకే కోర్వైలో మూడు నాడెలు వాడతారు. బాడీకి ఒకటి, రెండు అంచులకు రెండు. బాడీ పేక అంచు దాకా వచ్చి, అక్కడ అంచు పేకతో మెలిపడి వెనక్కి వెళ్తుంది. ఇలా ప్రతి వరుసకూ జరగాలి. ఈ పనికి సంప్రదాయంగా మగ్గం దగ్గర ఇంకో మనిషి కూర్చుని సాయం చేయాలి.

కొంగు రంగు కూడా మారాలంటే ఇంకా పెద్ద పని. బాడీ పడుగు పోగులకు కొంగు పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలేసి అతకాలి. దీన్ని పేట్ని అంటారు. వేల పోగులు! ఆ అతుకు దగ్గర చీరలో సన్నటి గీతలా కనిపిస్తుంది. అది చూసి డ్యామేజీ అనుకుని వెనక్కి ఇచ్చేసే కస్టమర్లూ ఉంటారు. పాపం, అది చేతిపనికి గుర్తు.

మన గద్వాల చీరలోనూ సూత్రం ఇలాంటిదే. నూలు బాడీకి పట్టు అంచు, పట్టు కొంగు కలపాలంటే రెండు రకాల దారాలను అతికించి నేయాల్సిందే.

ఇక్కడే అసలు చిక్కు. బాడీ, అంచు ఒకే రంగులో ఉండే ‘సెల్ఫ్ బోర్డర్’ చీరలు ఇప్పుడు ఫ్యాషన్. వాటికి అన్ని నాడెలు అక్కర్లేదు, ఇద్దరు మనుషులూ అక్కర్లేదు. పవర్‌లూమ్ మీద అలాంటివి దించేయడం కూడా సులువు. కొన్ని రకాల చీరల నేతను చేమగ్గాలకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చినా, నకళ్లు ఆగలేదు. కాంచీపురంలో కోర్వై నేసేవాళ్లు తగ్గిపోతున్నారు. అక్కడ పట్టు నేసే కుటుంబాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లూ ఉన్నారు. రెండు రంగుల చీర అడిగేవాళ్లు ఉంటేనే ఇలాంటి మగ్గాలకు పని.

పాత జోడీలు ఎందుకు పాతబడవు?

మిరపపండు ఎరుపుకు ఆకుపచ్చ. మామిడిపండు పసుపుకు వంకాయ రంగు. చిలకపచ్చకు రాణీ పింక్. గంధం రంగుకు మెరూన్. ఈ జోడీలు ఎవరో గాలివాటంగా కలిపినవి కావు. రంగుల చక్రంలో ఎరుపుకు ఎదురుగా ఉండేది ఆకుపచ్చ, పసుపుకు ఎదురుగా ఉండేది వంకాయ రంగు. ఎదురెదురు రంగులు పక్కపక్కన పడితే రెండూ ఇంకా గాఢంగా కనిపిస్తాయి. ఈ సంగతి నేతగాళ్లకు కంటితోనే తెలుసు.

ఇంకో పాత కిటుకు కూడా ఉంది. పడుగు నీలం, పేక ఆకుపచ్చ వేస్తే నెమలి కంఠం రంగు వస్తుంది. నడుస్తుంటే ఒకసారి నీలంగా, ఒకసారి పచ్చగా మెరుస్తుంది. ఫొటో కన్నా వీడియోలో ఇది అదిరిపోతుంది. రీల్స్ కోసమే పుట్టినట్టుంటుంది కానీ రీల్స్ కన్నా చాలా పాతది. ఇక కంచి నీలాల్లో ఒకదానికి గాయని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరు మీద ‘ఎంఎస్ బ్లూ’ అనే పేరే ఉంది.

పేస్టల్ గాలి ఎలా వచ్చింది?

2017లో ఇటలీలో జరిగిన పెళ్లిలో అనుష్క శర్మ లేత గులాబీ లెహంగా వేసుకోవడంతో లేత రంగులకు ఊపొచ్చింది. 2022లో ఆలియా భట్ ఐవరీ చీరలో పెళ్లికూతురైంది. అలాగని ముదురు రంగులు ఎటూ పోలేదు. 2018లో కొంకణీ పద్ధతి పెళ్లికి దీపికా పదుకొణె ఎరుపు, బంగారు రంగుల కంచిపట్టే కట్టుకుంది. 2024 డిసెంబరులో అన్నపూర్ణ స్టూడియోస్‌లో నాగచైతన్యతో జరిగిన పెళ్లిలో శోభిత ధూళిపాళ బంగారు రంగు కంచిపట్టులో కనిపించింది. ఆ వేడుకలోనే ఎర్ర అంచు తెల్లచీర కూడా కట్టుకుంది. కొత్తదనానికి కొత్తదనం, మధుపర్కానికి మధుపర్కం.

స్టైలింగ్‌లో కూడా ఇదే దారి పట్టొచ్చు. ఉల్లిపొర గులాబీ బాడీకి ముదురు ఆకుపచ్చ అంచు, లావెండర్‌కు మెరూన్, పిస్తా పచ్చకు రాణీ పింక్. బాడీ నేటిది, అంచు నిన్నటిది. అంచు రంగు జాకెట్ పాత రూలు. ఇప్పుడు చీర బుటాల్లో ఉన్న మూడో రంగును జాకెట్‌కు తీసుకుంటున్నారు. అంచు కాంట్రాస్ట్‌లో ఉన్నప్పుడు జాకెట్ మీద మగ్గం వర్క్ తగ్గిస్తేనే బాగుంటుంది. రెండూ అరిస్తే ఏదీ వినపడదు. లేత రంగు చీర మీదకు ముత్యాల గుట్టపుసలు, ముదురు రంగు మీదకు టెంపుల్ జ్యువెలరీ ఇట్టే కుదురుతాయి. రెడీ ప్లీటింగ్ చేయించుకుంటే కుచ్చిళ్లు కత్తిరించి కుట్టేయకుండా చూసుకోండి. కోస్తే ఆ చీర మళ్లీ మామూలుగా కట్టుకోవడానికి పనికిరాదు.

లైటింగ్ చూడకుండా కొనొద్దు

షాపులో తెల్ల లైట్ల కింద మెరిసిన లావెండర్, రాత్రి ముహూర్తానికి పసుపు లైట్ల కింద బూడిద రంగులోకి దిగిపోతుంది. అలాగే గట్టి ఎరుపు మీద నేరుగా ఫ్లడ్ లైట్ పడితే ఫోన్ కెమెరాలో జరీ పనితనమంతా ఎర్రటి ముద్దలా కలిసిపోతుంది. అందుకే చీరను షాపు గుమ్మం దగ్గర పగటి వెలుతురులో ఒకసారి, పసుపు లైటు కింద ఒకసారి వీడియో తీసి చూసుకోవాలి. మండపం వెనక పూల డెకరేషన్ కూడా ఎరుపే అయితే చీర దాంట్లో కలిసిపోతుంది. ఈ మాట డెకరేటర్‌తో ముందే మాట్లాడుకుంటే మంచిది.

ఐవరీ చీరతో తలంబ్రాలు పోసుకునేవాళ్లకు ఇంకో మాట. పసుపు మరక మీద కంగారుగా సబ్బు రుద్దొద్దు. సబ్బులోని క్షారానికి పసుపు ఎర్రగా మారుతుంది, మరక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొడి పసుపును దులిపేసి నేరుగా డ్రై క్లీనింగ్‌కు ఇవ్వడమే దారి.

డబ్బు కట్టే ముందు

పట్టు అసలుదని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ 2004 నుంచి ఉంది. అది పట్టుకు మాత్రమే హామీ, జరీకి కాదు, చేనేతకూ కాదు. అసలు జరీలో పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత వేస్తారు. చివర్లో వేలాడే జరీ పోగును కాస్త గీకితే సాధారణంగా లోపల ఎర్రటి పట్టుదారం కనిపిస్తుంది. షాపువాళ్ల అనుమతితోనే ఈ పని చేయండి. కోర్వై అని చెప్పి అమ్మితే చీర తిరగేసి, బాడీ, అంచు కలిసే చోట చూడాలి. అక్కడ రెండు రంగుల పేకలు మెలిపడి ఉంటే నేసిన అతుకు. కుట్టు కనిపిస్తే విడిగా తెచ్చి కలిపిన అంచు.

నచ్చిన జోడీ రెడీగా దొరక్కపోతే నేయించుకోవచ్చు. కాకపోతే పెళ్లికి నెలల ముందే ఆర్డర్ ఇవ్వాలి. అద్దకం, పడుగు, నేత అన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. రంగు కోసం వాట్సాప్ ఫొటో పంపితే సరిపోదు, ఒక్కో ఫోన్‌లో ఒక్కో రంగు కనిపిస్తుంది. బాడీకి ఒక గుడ్డ ముక్క, అంచుకు ఒక గుడ్డ ముక్క నేతగాడి చేతికే ఇచ్చి రావాలి.