టెంకాయ చెట్టు పోయినా నేల పోకూడదు: ఏ మిషన్‌ను తోపులోకి రానివ్వాలి?

కినత్తుకడవు నుంచి పొల్లాచ్చి, ఆనైమలై దాకా టెంకాయ తోపులున్న మనవాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు తరచుగా వినబడే ప్రశ్న ఒకటుంది: వాడిపోయిన చెట్లను ఎవరితో తీయిద్దాం? 1882లో కేరళలో కోట్టయం దగ్గరి ఈరాట్టుపేటలో మొదట అగుపడిన వేరు వాడు తెగులు, పాలక్కాడు కనుమ దాటి మన తోపుల్లోకీ వచ్చింది. ఇక్కడ అందరూ దాన్ని ‘వేర్ వాడల్’ అంటారు. దీన్ని నయంచేసే మందు లేదు. తెగులు బాగా ముదిరిన ప్రాంతాల్లో ఏడాదికి పది కాయలు కూడా ఇవ్వని చెట్టును తీసేయమని, తెగులు అప్పుడప్పుడే మొదలైన చోట సోకిన ప్రతి చెట్టునూ తీసేయమని వ్యవసాయ శాస్త్రవేత్తల సలహా.

చెట్టు తీయడం ఒక పూట పని. దానికోసం వచ్చిన మిషన్ నేలకు చేసే చెరుపు మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. కొత్త మొక్క పెరగాల్సింది ఆ నేలలోనే. అందుకే గంటకు ఎంత అని అడిగే ముందు, ఆ మిషన్ బరువెంత, ఏ దారిన వస్తుంది, ఎక్కడ తిరుగుతుంది అని అడగాలి.

నేల ఎలా అణుగుతుంది

మంచి మట్టిలో సగం దాకా ఖాళీయే. ఆ సందుల్లోనే నీరు ఇంకుతుంది, గాలి ఆడుతుంది, వేరు దారి వెతుక్కుంటుంది. బరువు పడితే ఆ సందులు మూసుకుపోతాయి. ఇందులో రెండు సంగతులు వేరువేరుగా తెలుసుకోవాలి.

పై మట్టి మీద పడే ఒత్తిడి టైరులో గాలిని బట్టి ఉంటుంది. టైరును ఎంత గట్టిగా బిగిస్తే నేల మీద ఒత్తిడి దాదాపు అంత. లోపలి మట్టి ఎంత లోతుదాకా అణుగుతుందన్నది ఒక్కో ఇరుసు మీద ఉన్న మొత్తం బరువును బట్టి ఉంటుంది. టైరు వెడల్పు పెంచితే పైన గాడి తగ్గుతుంది కానీ, బరువు తగ్గకపోతే లోపలి అణుగుడు అంతగా తగ్గదు. పైమట్టిని దున్ని సరిచేసుకోవచ్చు, అడుగున పడిన గట్టి పొరను సరిచేయడం కష్టం.

ఇంకో మాట: చెరుపులో పెద్ద భాగం మిషన్ మొదటిసారి వెళ్ళినప్పుడే జరిగిపోతుంది. అదే దారిలో పదిసార్లు తిరిగినా అదనంగా అయ్యే నష్టం తక్కువ. పది దారుల్లో ఒక్కోసారి తిరిగితే మాత్రం తోపంతా చెడుతుంది.

తేమ వీటన్నిటికంటే ముఖ్యం. పిడికెడు మట్టిని అర అడుగు లోతునుంచి తీసి పిసకండి. ముద్ద కట్టి, వేలితో నొక్కినా విడిపోకపోతే ఆ రోజు ఏ మిషనూ లోపలికి రాకూడదు. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి కొంతవరకు తనను తాను సరిచేసుకుంటుంది. ఎర్రమట్టికి ఆ గుణం లేదు, ఒకసారి గట్టిపడితే అలాగే ఉండిపోతుంది. సంక్రాంతి దాటాక చిత్తిరై దాకా ఉండే ఎండరోజులు ఈ పనికి అనువైనవి. పనికి పది రోజుల ముందే ఆ వరసల్లో డ్రిప్ నీరు ఆపండి.

ముందు తెగులేదో తేల్చుకోండి

ఎంత తవ్వాలన్నది తెగులును బట్టి ఉంటుంది. ఎంత తవ్వాలో తెలిస్తే ఏ మిషన్ కావాలో తెలుస్తుంది.

వేర్ వాడల్‌లో ఆకుల ఈనెలు పక్కటెముకల్లా లోపలికి వంగుతాయి, ఆకులు పసుపెక్కి అంచులు ఎండుతాయి. దీనికి కారణమైన ఫైటోప్లాస్మా బతికున్న చెట్టు కణాల్లోనే ఉంటుంది. చెట్టునుంచి చెట్టుకు మోసేవి రసం పీల్చే చిన్న పురుగులు. కాబట్టి ఈ తెగులు కోసం ప్రతి వేరునూ పెకలించాల్సిన పని లేదు.

తంజావూరు వాడు తెగులు అలా కాదు. మాను మొదట్లో ఎర్ర గోధుమరంగు జిగురు కారుతుంది, తర్వాత మొదలు దగ్గర గట్టి పుట్టగొడుగులు అగుపడతాయి. ఆ గానోడెర్మా బూజు మట్టిలో, వేళ్ళలో బతికి పక్క చెట్టుకు పాకుతుంది. అక్కడ మొద్దునూ వేళ్ళనూ తవ్వి తీసి కాల్చాల్సిందే, చుట్టూ కందకం తీయాల్సిందే. దానికి తవ్వే మిషన్ తప్పదు.

వేర్ వాడల్ చెట్టైనా మొద్దును అలాగే వదిలేయకూడదు. తాజాగా కోసిన చోటికి ఎర్రముక్కు పురుగు వస్తుంది, కుళ్ళే మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. టెంకాయకు తల్లివేరు లేదు. ఉల్లిగడ్డలాంటి మొదలునుంచి వేల సంఖ్యలో సన్నని వేళ్ళు వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం మానునుంచి రెండు మీటర్ల లోపలే ఉంటాయి. చుట్టూ వేళ్ళు తెంచి ఆ గడ్డను పైకెత్తితే చాలు.

ఏ పనికి ఏ పనిముట్టు

*మనిషి, మోకు, రంపం.* అయిదారు చెట్లే ఉంటే, లేదా ఇంటి పక్కన, జాజికాయ, కోకో లాంటి అంతరపంటల నడుమ ఉంటే ఇదే మేలు. చెట్టెక్కేవాళ్ళు ముందు తల దించి, మానును పైనుంచి తునకలుగా కోసి మోకుతో దించుతారు. నేలకు దాదాపు నష్టం ఉండదు. మొదలు కుళ్ళిన చెట్టును, ఎర్రముక్కు పురుగు తొలిచిన చెట్టును మాత్రం ఎవరినీ ఎక్కనివ్వకండి. ఈబీ తీగలు దగ్గరుంటే ముందు కరెంటు ఆపించాలి.

*చైన్‌సా, చేతి వించ్.* చెట్టును ఒక పక్కకు లాగి పడేయడానికి. యాభై అడుగుల ఎత్తు, అడుగు మందం ఉన్న పచ్చి మాను దాదాపు ఒక టన్ను తూగుతుంది. అది ఊరికే పడితే డ్రిప్ పైపు పగులుతుంది, నేలలో గుంత పడుతుంది. పడే చోట మట్టలు మందంగా పరిచి, మిషన్ దారి మీదికే పడేలా చూడండి. టెంకాయ మాను పైపొర చాలా గట్టిది, చైన్ త్వరగా మొద్దుబారుతుంది. పదును పెట్టే ఆకురాయి పక్కనే ఉండాలి.

*మినీ ఎక్స్‌కవేటర్.* రబ్బరు పట్టాల మీద నడిచే రెండు నుంచి నాలుగు టన్నుల మిషన్. మొద్దు గడ్డలు తీయడానికి, మిగిలిన చెట్లను కాపాడుకోవాల్సిన తోపులకు ఇది అన్నిటికంటే తగినది. పని నిదానం కాబట్టి గంటలు ఎక్కువ పడతాయి. నేల బాగుచేసే ఖర్చు కలిపి చూస్తే చాలాసార్లు ఇదే లాభం.

*జేసీబీ.* ఏడు టన్నులకు పైనే. సులభంగా దొరుకుతుంది, అందుకే అందరూ ముందు దీన్నే పిలుస్తారు. ఎండిన నేలలో, ఒకే దారిలో నడిపితే పరవాలేదు. చెట్టును బొక్కెనతో తోసి పడేయడం మాత్రం వద్దనండి. అలా తోసేటప్పుడు వెనక చక్రాలు నేలను చీలుస్తాయి, మాను ఎటు పడుతుందో చెప్పలేం.

*హిటాచి.* ఇరవై టన్నుల తరగతి. పట్టాలు వెడల్పు కాబట్టి చదరపు అంగుళం మీద ఒత్తిడి జేసీబీ చక్రం కంటే తక్కువే. కానీ మొత్తం బరువు లోతుకు దిగుతుంది, తిరిగిన ప్రతిచోటా పట్టా పైమట్టిని దోచేస్తుంది. తోపంతా తీసేసి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకే ఇది.

*హైడ్రా క్రేన్.* దీన్ని రోడ్డు మీదే నిలపండి. చిన్న చక్రాల మీద పెద్ద బరువు, తోపులోకి దిగితే కూరుకుపోతుంది.

దారి ముందే గీయండి

మన తోపుల్లో మామూలుగా చెట్టుకు చెట్టుకు 25 అడుగుల ఎడం. రెండు వరసల నడుమ మిషన్ నిలిస్తే జేసీబీ తవ్వే చెయ్యి రెండు వైపుల చెట్లకూ అందుతుంది. కాబట్టి ఒక సందు విడిచి ఒక సందులో నడిపితే అన్ని వరసలూ పూర్తవుతాయి, సగం సందుల్లో చక్రమే పడదు. ఆ దారులకు సున్నంతో గీత వేయండి. డ్రిప్ పైపులు, మోటారు కేబులు, బోరు పైపు పోయే చోట్లకు కర్ర పాతి గుడ్డ కట్టండి.

కొట్టిన మట్టలను పోగు వేయకుండా మిషన్ దారిలో అడుగు మందం పరవండి. అడవి పనుల్లోనూ కొమ్మలను ఇలాగే పరిచి చక్రాల బరువును విడదీస్తారు. ఖర్చులేని పని.

చాలామంది మరిచేది మోత. చెట్టు కొట్టిన మిషన్ కంటే, దుంగలు నింపుకుని సన్న చక్రాల మీద పదిసార్లు తిరిగే ట్రాక్టరు ట్రైలరే ఎక్కువ అణుస్తుంది. ట్రైలరును గట్టు మీదే ఉంచండి. మూడడుగుల తునక ఇద్దరు దొర్లించగలిగిన బరువే, మిగిలినవి వించ్‌తో దారి వెంబడి లాగించవచ్చు.

కొత్త మొక్కలను ఆ దారిలో నాటకండి. పాత వరసలోనే, రెండు చెట్ల నడుమ చక్రం పడని చోట గుంత తీయండి. కాయంగుళం కేంద్రం తెచ్చిన కల్పరక్ష, కల్పశ్రీ లాంటి తెగులు తట్టుకునే రకాల గురించి ఆళియార్ టెంకాయ పరిశోధన కేంద్రంలో అడగండి.

గడ్డి ఉన్న చోట

పశువుల కోసం కంబు-నేపియర్ వేసినవాళ్ళు గడ్డి కోసిన మర్నాడు పని పెట్టుకోండి. మోళ్ళ మీద ఒకసారి పట్టా పోయినా చిగురిస్తుంది, మిషన్ అక్కడికక్కడే తిరిగితే మాత్రం దుబ్బు వేళ్ళతో లేచిపోతుంది. ఇంటి ముందు, కల్యాణ మండపం ముందు పచ్చిక ఉంటే మందపాటి ప్లైవుడ్ పలకలు పరిచి, వాటి మీదే నడిపి, సాయంత్రానికి తీసేయండి. అలాగే రోజులు వదిలేస్తే కింద గడ్డి పసుపెక్కుతుంది. అక్కడ మొద్దు తవ్వకుండా తురిమే మిషన్ దొరికితే మంచిది. తురుము తీసేసి మట్టి నింపాలి.

ఊళ్ళో లేనివాళ్ళకు

మనలో చాలామంది కోయంబత్తూరులోనో విదేశంలోనో ఉండి తోపును మనిషి మీద వదిలారు. గంటల లెక్కన కూలి మాట్లాడితే డ్రైవరు నిదానించినందుకు మీరు కట్టాలి, మొత్తానికి మాట్లాడితే అతను తొందరపడతాడు. చెట్టుకు ఇంత అని మాట్లాడి, గీసిన దారి దాటకూడదు, వాన పడితే పని ఆపాలి అని ముందే ఒప్పుకోండి. చెట్లు కొట్టే ముందే తోటల శాఖ కార్యాలయంలో అడగండి. టెంకాయ అభివృద్ధి బోర్డు పునర్నాటు పథకంలో సాయం కావాలంటే చెట్లు నిలిచుండగానే చూపించుకోవడం మంచిది.

పని అయ్యాక ఇనుప కడ్డీని దారిలో ఒకచోట, చక్రం పడని సందులో ఒకచోట గుచ్చి చూడండి. దారిలో అడుగు లోతుకే ఆగిపోతే, నేల బాగా ఎండాక ఉలి నాగలి దింపి పశువుల ఎరువు వేయాలి. బతికున్న చెట్టుకు రెండు మీటర్ల లోపల మాత్రం నాగలి వద్దు. తర్వాత వానకు జనుమో జీలుగో చల్లితే, నాగలి విప్పిన సందులను వాటి వేళ్ళు మళ్ళీ మూసుకుపోనివ్వవు.