పోతామంటారు... పోరు!

ఈజిప్టు దేశాన్ని బ్రిటిషు సైన్యం 1882లో ఆక్రమించింది. అక్కడి కల్లోలం సద్దుమణగగానే వెనక్కి వెళ్ళిపోతామని లండన్ ప్రభుత్వం అప్పుడే మాట ఇచ్చింది. తర్వాత మళ్ళీ ఇచ్చింది. ప్రధానమంత్రులు మారారు, మాట మాత్రం మారలేదు. 1922 వరకు నలభై ఏళ్ళలో బ్రిటన్ అలా అరవై ఆరు సార్లు వాగ్దానం చేసిందని చరిత్రకారులు లెక్కగట్టారు. చివరి బ్రిటిషు సైనికుడు సూయజ్ కాలువ గట్టు వదిలి ఓడ ఎక్కింది 1956 జూన్‌లో. అంటే మాటకూ చేతకూ మధ్య డెబ్బై నాలుగేళ్ళ దూరం. పోనీ, అంతటితో అయిపోయిందా అంటే అదీ లేదు. అదే ఏడాది నవంబరులో ఫ్రాన్సును వెంటబెట్టుకుని బ్రిటిషు సైన్యం మళ్ళీ పోర్ట్ సయీద్‌లో దిగింది. లోకమంతా ఛీ కొట్టాక, డిసెంబరులో గానీ కదలలేదు.

ఈ పాత కథ ఇప్పుడెందుకని పాఠకులు అడగవచ్చు. ఇరాక్ నుంచి సేనలను ఉపసంహరిస్తామన్న ప్రకటన ఇరవై ఏళ్ళుగా ఏదో ఒక రూపంలో మన పత్రికల్లో కనబడుతూనే ఉంది. ప్రతిసారీ పెద్ద అక్షరాల శీర్షిక, చేయి ఊపుతున్న సైనికుల ఫొటో. చదివినప్పుడల్లా మాకు ఆ అరవై ఆరు గుర్తుకొస్తుంది.

మన ఊళ్ళలో చేబదులు ఇచ్చేటప్పుడు కూడా ప్రోనోటు రాయించుకుంటాం. ఎంత సొమ్ము, ఎప్పటికి తీర్చాలి, ఎవరు సంతకం చేశారు, సాక్షి ఎవరు - ఇవన్నీ చూసుకున్నాకే బీరువాలో పెడతాం. "వీలైనంత త్వరలో ఇస్తాను" అని రాసిన కాగితాన్ని ఎవరూ దాచుకోరు. యుద్ధానికి వెళ్ళిన ప్రభుత్వాలు ఇచ్చే మాటను కూడా ఇలాగే ఎందుకు చూడకూడదు?

బాగ్దాద్ ప్రజలకు ఇలాంటి మాట వినడం కొత్త కాదు. 1917 మార్చిలో బ్రిటిషు జనరల్ మాడ్ ఆ నగరంలో ప్రవేశించి, మేము జయించడానికి రాలేదు, విముక్తి చేయడానికి వచ్చామని ప్రకటన అంటించాడు. ఆయన వెంట నడిచిన సైన్యంలో పెద్ద భాగం మన దేశం నుంచి వెళ్ళినవారే అన్న సంగతి మనం మరచిపోకూడదు. ఇరాక్‌కు 1932లో స్వాతంత్ర్యం ఇచ్చారు. ఇస్తూ ఇస్తూనే హబ్బానియా, షుఐబా విమాన స్థావరాలను తమ దగ్గర ఉంచుకున్నారు. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి, 1941లో, బస్రా రేవులో మళ్ళీ సైన్యం దిగింది. ఆ దిగినది కూడా భారతీయ డివిజనే. తలుపు మూసి గొళ్ళెం పెట్టకపోవడం అంటే ఇదే.

ఇక మన కాలానికి వద్దాం. 2003 ఫిబ్రవరిలో, యుద్ధం మొదలు కాకముందు, అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ ఇది ఆరు రోజులు పట్టవచ్చు, ఆరు వారాలు పట్టవచ్చు, ఆరు నెలలు మాత్రం పట్టదనుకుంటానని సైనికులకు చెప్పారు. మే 1న అధ్యక్షుడు బుష్ యుద్ధనౌక మీద నిలబడి ప్రధాన పోరాటం ముగిసిందన్నారు. నాలుగేళ్ళ తర్వాత, 2007లో, ఇరాక్‌లో ఉన్న అమెరికా సైనికులు తగ్గలేదు సరికదా, లక్షా డెబ్బై వేలకు చేరారు.

ఇంత జరిగాక వచ్చింది అసలైన కాగితం. 2008 నవంబరు 17న బాగ్దాద్‌లో రెండు ప్రభుత్వాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అందులో తేదీలు స్పష్టంగా ఉన్నాయి. 2009 జూన్ 30 లోపల నగరాలు, పట్టణాలు, గ్రామాల నుంచి పోరాట దళాలు బయటికి రావాలి. 2011 డిసెంబరు 31 లోపల మొత్తం సైన్యం ఇరాక్ నేలను వదలాలి. ఇరాక్ పార్లమెంటు నవంబరు 27న దీన్ని ఆమోదించింది. ఇంతకాలం తేదీ అన్న మాటే ఎత్తవద్దన్న బుష్ ప్రభుత్వం చేత ఈ తేదీలు రాయించుకోవడం చిన్న పని కాదు. ఆ ఒప్పందం సందర్భంగానే డిసెంబరు 14న బుష్ బాగ్దాద్ వచ్చారు. ముంతజర్ అల్ జైదీ అనే విలేకరి ఆయన మీదికి రెండు చెప్పులూ ఒకదాని వెంట ఒకటి విసిరింది ఆ రోజే. చెప్పుల సంగతి ప్రపంచమంతా చూసింది. ఒప్పందంలో ఏముందో చదివినవారు తక్కువ.

కాగితం గట్టిదే. అయినా దాన్ని అమలుచేసిన తీరు చూడండి. నగరాల నుంచి బయటికి వెళ్ళాలి కదా, బాగ్దాద్‌లో ఫాల్కన్ అనే పెద్ద సైనిక స్థావరం నగర పరిధి లోపలే ఉంది. దాన్ని ఖాళీ చేయలేదు. అది నగరం వెలుపల ఉన్నట్టే లెక్క వేసుకుందామని ఉభయ పక్షాల సైనికాధికారులు ఒక మాట అనుకున్నారు. సైన్యం ఊరి బయటికి వెళ్ళలేదు, ఊరే సైన్యాన్ని వదిలి జరిగింది! జూన్ 30న మాత్రం ఇరాక్ ప్రభుత్వం సెలవు ప్రకటించి పండుగ చేసుకుంది.

బాగ్దాద్ పాలకులను కూడా ఇక్కడ వదలడానికి లేదు. ఈ ఒప్పందాన్ని 2009 జూలై చివరిలోగా ప్రజల ముందు పెట్టి రెఫరెండం జరుపుతామని చెప్పి పార్లమెంటులో ఓట్లు కూడగట్టారు. ఆ రెఫరెండం ఇంతవరకు జరగలేదు.

పేరు మారిస్తే పోయినట్టేనా?

2009 ఫిబ్రవరిలో కొత్త అధ్యక్షుడు ఒబామా, 2010 ఆగస్టు 31 నాటికి ఇరాక్‌లో యుద్ధ విధులు ముగుస్తాయని చెప్పారు. అన్నట్టే ఆగస్టు మూడో వారంలో చివరి పోరాట బ్రిగేడ్ కువైట్ సరిహద్దు దాటింది. టెలివిజన్లు రాత్రంతా చూపించాయి. తెల్లవారి చూస్తే ఇరాక్‌లో ఇంకా యాభై వేల మంది ఉన్నారు. వారి బ్రిగేడ్లకు సలహా, సహాయ బ్రిగేడ్లని పేరు పెట్టారు. యుద్ధానికి కూడా సెప్టెంబరు 1 నుంచి కొత్త పేరు పెట్టారు - 'కొత్త ఉదయం' అని. ఈ ఉదయం వచ్చిన తొమ్మిది నెలలకు, 2011 జూన్ ఒక్క నెలలోనే పది మందికి పైగా అమెరికా సైనికులు చనిపోయారు. సలహా ఇస్తూ చనిపోయారని వారి తల్లులకు ఎలా చెప్పారో మాకు తెలియదు.

మొత్తం మీద ఇరాక్‌లో నాలుగు వేల నాలుగు వందల మందికి పైగా అమెరికా సైనికులు పోయారు. ఇరాక్ సామాన్యులలో లెక్కకు అందినవారే లక్ష దాటారు. "ఈ ఏడాది ఇంటికి వస్తాడు" అన్న మాట నమ్మి దినాలు లెక్కపెట్టినవారు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

ఇంతకీ 2011 డిసెంబరు 31 అన్న తేదీ నిలబడింది. డిసెంబరు 18న ఆఖరి వాహన శ్రేణి కువైట్‌లోకి వెళ్ళింది. ఈ మాట ఒప్పుకోకపోతే మేము న్యాయం చేయనట్టే. అయితే అది ఎందుకు నిలబడిందో కూడా చూడాలి. ఆ ఏడాది పొడుగునా కొన్ని వేల మందిని ఉంచుకోవడానికి వాషింగ్టన్ బేరాలాడింది. తమ సైనికుల మీద ఇరాక్ కోర్టుల్లో కేసులు నడవకూడదని షరతు పెట్టింది. ఆ షరతును పార్లమెంటులో నెగ్గించడానికి బాగ్దాద్ నాయకులెవరూ సాహసించలేదు. అక్టోబరులో బేరం తెగిపోయింది. ఇచ్చిన మాట మీద గౌరవంతో వెళ్ళారనడం కంటే, రాసిన కాగితం ఎదుటివారి చేతిలో ఉంది కాబట్టి వెళ్ళారనడమే నిజానికి దగ్గర.

వెళ్ళినవారు కూడా ఎంత దూరం వెళ్ళారు? వేల మంది పక్కనే కువైట్‌లోని శిబిరాల్లో ఆగారు. బాగ్దాద్‌లో మిగిలిన అమెరికా రాయబార కార్యాలయం ఆవరణ నూట నాలుగు ఎకరాలు. ప్రపంచంలో అంతకంటే పెద్ద రాయబార కార్యాలయం లేదు. దౌత్యవేత్తలు, కాపలావారు, వంటవారు, డ్రైవర్లు అందరినీ కలిపితే పదహారు వేల మంది వరకు అవుతారని అప్పట్లో లెక్క చెప్పారు.

ఈ వంటవారు, డ్రైవర్లు సైనికుల లెక్కలో ఎన్నడూ రారు. యుద్ధం జోరుగా నడిచిన రోజుల్లో కాంట్రాక్టు మనుషులు సైనికులకు ఇంచుమించు సమానంగా ఉండేవారు. ఇక్కడే ఈ కథ మన గడపల దాకా వస్తుంది. కడప, రాయచోటి వైపు కువైట్‌తో సంబంధం లేని వీధి ఉండదు. అక్కడి కంపెనీ లారీ ఎక్కితే అది ఏ సరిహద్దు దాటుతుందో ఇంటి దగ్గర ఉన్న అమ్మకు తెలియదు. 2004 జూలైలో కువైట్ కంపెనీ లారీలు నడుపుతున్న ముగ్గురు భారతీయులను ఇరాక్‌లో ఎత్తుకుపోయారు. సెప్టెంబరు 1న వదిలిపెట్టారు. వారి అదృష్టం బాగుంది. ఆ ఆగస్టులోనే పన్నెండు మంది నేపాలీ కుర్రవాళ్ళను చంపేశారు. జోర్డాన్‌లో పని అని చెప్పి ఏజెంట్లు పంపిన పిల్లలు వాళ్ళు. ఆ కోపంలో ఖాట్మండులో జనం మసీదు మీద పడ్డారు. యుద్ధం చేసినవారు ఒకరు, మోసం చేసిన ఏజెంటు ఒకడు, దెబ్బ తిన్నది మాత్రం దేనితోనూ సంబంధం లేని నమాజీలు.

ఇదీ 2011 వరకు కథ. మూడేళ్ళు గడవలేదు, 2014 జూన్ 10న మోసుల్ నగరం ఐసిస్ వశమైంది. సైన్యం వెళ్ళిపోవడం వల్లనే ఈ ఘోరం జరిగిందని అమెరికాలో కొందరు వాదించారు. అందులో కొంత నిజం ఉందేమో కూడా. రెండు వేల కోట్ల డాలర్లకు పైగా పోసి తయారుచేశామన్న ఇరాక్ సైన్యం మాత్రం మోసుల్‌లో కొన్ని రోజులైనా నిలవలేదు. పోయేవాడు తన వెనుక ఏమి వదిలి వెళ్తున్నాడన్నది కూడా వాగ్దానంలో భాగమే కదా. మోసుల్‌లో కట్టుబడి పనికి వెళ్ళిన ముప్పై తొమ్మిది మంది భారతీయులు, ఎక్కువగా పంజాబు వారు, అప్పుడే అపహరణకు గురయ్యారు. బతికే ఉన్నారన్న ఆశతో కుటుంబాలు దాదాపు నాలుగేళ్ళు ఢిల్లీ చుట్టూ తిరిగాయి. వారు చనిపోయారని 2018 మార్చి 20న విదేశాంగ మంత్రి పార్లమెంటులో చెప్పారు.

మోసుల్ పడగానే అమెరికా మూడు వందల మంది సలహాదారులను పంపింది. రెండేళ్ళలో ఆ మూడు వందలు అయిదు వేలయ్యారు.

అయిదు వేల మంది ఉండగా వచ్చింది 2020 జనవరి. బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర ఇరాన్ జనరల్ సులైమానీని అమెరికా హతమార్చింది. రెండు రోజులకు, 5వ తేదీన, విదేశీ సైన్యాలన్నీ వెళ్ళిపోవాలని ఇరాక్ పార్లమెంటు తీర్మానించింది. మర్నాడు ఒక విచిత్రం జరిగింది. మీ నిర్ణయాన్ని గౌరవించి బయలుదేరుతున్నామని అమెరికా సైనికాధికారి పేరుతో ఒక లేఖ ఇరాక్ సైన్యానికి చేరింది. కొన్ని గంటలలోనే వాషింగ్టన్ నుంచి సంజాయిషీ వచ్చింది - అది చిత్తుప్రతి, పొరపాటున వెళ్ళిందని! ఇన్నేళ్ళలో వెళ్ళిపోతున్నామని ఇంత సూటిగా చెప్పిన ఉత్తరం ఇదొక్కటే, అదీ పొరపాటే.

2021 జూలైలో అధ్యక్షుడు బైడెన్, ఇరాక్ ప్రధాని కాజిమీ పక్కపక్కన కూర్చుని ఆ ఏడాది చివరికి యుద్ధ విధులు ముగుస్తాయన్నారు. 2010లో ముగిసినవే మళ్ళీ ముగిశాయన్నమాట. అప్పుడు ఇరాక్‌లో రెండు వేల అయిదు వందల మంది ఉన్నారు. ఏడాది చివర ముగింపు ప్రకటన చేసిన నాడు కూడా రెండు వేల అయిదు వందల మందే ఉన్నారు.

ఇరాక్ ఒక్కటే అనుకోవద్దు. 1990 ఆగస్టులో అమెరికా రక్షణ మంత్రి చెనీ జిద్దా వెళ్ళి, ప్రమాదం తొలగగానే మా సైన్యం వెళ్ళిపోతుందని రాజు ఫహద్‌కు నచ్చజెప్పారు. కువైట్ విముక్తి 1991 ఫిబ్రవరిలో అయిపోయింది. సౌదీ నేల నుంచి ఆ సైన్యం కదిలింది 2003లో, అదీ పక్కనున్న ఖతర్‌కు. 2019లో ప్రిన్స్ సుల్తాన్ స్థావరానికే తిరిగి వచ్చింది. అఫ్ఘానిస్తాన్‌లో 2011 జూలై నుంచి వెనక్కి రప్పిస్తామన్న ప్రసంగంలోనే అదనంగా ముప్పై వేల మందిని పంపారు. చివరి విమానం కాబూల్ నుంచి లేచేసరికి 2021 ఆగస్టు 30 రాత్రి అయింది. అది మరో పెద్ద కథ, ఇంకోసారి చెప్పుకుందాం.

తాజా కాగితం 2024 సెప్టెంబరు 27 నాటిది. ఐసిస్ మీద పోరాటానికి ఏర్పడిన కూటమి పని ఇరాక్‌లో 2025 సెప్టెంబరుకల్లా ముగుస్తుందని, ఉత్తరాన కొంత భాగం మాత్రం 2026 సెప్టెంబరు వరకు నడుస్తుందని రెండు ప్రభుత్వాలూ ప్రకటించాయి. ఆ తర్వాత ఇరాక్‌తో విడిగా భద్రతా సంబంధం కొనసాగుతుందన్నారు. తేదీలున్నాయి, ఇచ్చినవారి పేర్లున్నాయి. ఆనాడు వాషింగ్టన్‌లో విలేకరులు ఇంకొక్కటి అడిగారు, చివరికి ఎంతమంది మిగులుతారని. అధికారులు ఆ అంకె చెప్పలేదు.