పశువును ఫీజును: ఒక పాతమాట వంశకథ



సంఘములో చేరునపుడు మనము చెల్లించు ఫీజునకును, కొట్టములోని పశువునకును చుట్టఱికము కలదన్నచో మీకు నవ్వు రావచ్చును. కాని భాషాశాస్త్రజ్ఞులు చెప్పు వంశక్రమమును వినుడు.

ఇంగ్లీషు, జర్మను, డచ్చి, ఐస్లాండు భాషలకు తల్లియగు భాష సుమారు 2,500 ఏండ్ల క్రిందట ఐరోపాలో డెన్మార్కు ప్రాంతమున వాడుకలో నుండెను. దానిని మూలజర్మానిక మందురు. ఆ భాషలో గ్రంథము లేవియు లేవు. అన్నదమ్ముల పోలికలను బట్టి తండ్రి రూపము నూహించినట్లు, పండితులు పిల్లభాషల మాటలను పోల్చి తల్లిమాటలను తిరిగి కట్టిరి. అట్లు తేలినదే ‘ఫెహు’. పశువనియు, ఆస్తియనియు దాని యర్థము.

ఇది సంస్కృత ‘పశు’ శబ్దమునకు తోబుట్టువు. సంస్కృతమున పకార మున్నచోట ఆ భాషలలో ఫకారమును, శకార మున్నచోట హకారమును తఱచుగా వచ్చును. పితృ శబ్దమునకు ఫాదరు, శతమునకు హండ్రెడు ఇట్టివే. ఇట్టి మార్పుల క్రమమును యాకోబు గ్రిమ్ము 1822లో వివరించెను.

ఇక ‘ఫెహు’ సంతానమును చూడుడు. జర్మనులో ‘ఫీ’ యనగా పశువులు మాత్రమే. నాలుగవ శతాబ్దపు గోతిక్కు బైబిలులో ‘ఫైహు’ అనగా ధనము. ఐస్లాండులో ‘ఫే’ యనగా నేటికిని గొఱ్ఱెలు, ధనము కూడ. ఫ్రాంకుల నోట నున్న రూపము ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరి ‘ఫీ’ అయినదని పండితులలో ననేకుల మతము. అదియే మన ఫీజు. మన శ్రీకాకుళము వైపున పశువులను సొమ్ములనుట లేదా? తక్కినచోట్ల సొమ్మనగా ధనమే గదా!

మాటలో పశువు ధనముగా మాఱుటకు వందల యేండ్లు పట్టెను. సంతలో నొక పూట చాలును. నే నెఱిగిన రైతొకడు అప్పు తీర్చుటకు వేసవిలో కాడియెడ్ల నమ్మెను. తొలకరి పడెను. బాడుగయెడ్లు దొరకునప్పటికి పదు నారిపోయెను. పశువును సొమ్ము చేయుట సులభము. ఆ సొమ్మును మరల అదనునకు పశువుగా చేయుట కష్టము.

ఈ వంశమున మఱియొక బిడ్డ కలదు. ప్రాచీన నార్సు భాషలో ‘ఫేలాగి’ యనగా తన ఫేను తోడివారి ఫేతో కలిపి పెట్టిన వాడు, అనగా భాగస్వామి. ఇంగ్లీషు ‘ఫెలో’ దానినుండి పుట్టినదే. ఐస్లాండులో సంఘమును ‘ఫేలాగ్’ అనియు, సహకార సంఘమును ‘సామ్విన్నుఫేలాగ్’ అనియు నేటికిని వ్యవహరింతురు.

కావున సోదరులారా, ఎడ్లను సంతకు తోలుటకు ముందు ఒకమాఱు సంఘమునకు రండు. తోడివారితో కలిపి పెట్టిన సొమ్ము ఉండుట అందులకే.